ఒడ్డు వంతు

డాక్టర్ విజయభాస్కర్ వాడే దారం చాలా సన్నది. వేళ్ళ మధ్య పట్టుకుంటే ఉందో లేదో తెలియనంత సన్నది. పెన్న మొగలో పండుగప్పకు గాలం వేసేవాళ్ళెవరూ అలాంటి దారం ముట్టుకోరు. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట నీళ్ళు సగం ఉప్పన, చేపలు మొండివి. మూరన్నర పండుగప్ప ఒక్కసారి తల విదిలిస్తే లావు నైలాను కూడా పుటుక్కున తెగుతుంది. అయినా ఆయన సన్నదారమే కట్టేవాడు. అందులో ఒక న్యాయం ఉందని ఆయన నమ్మకం. చేపకు తెంచుకొని పోయే అవకాశం ఉండాలి. అంత అవకాశం ఇచ్చాక కూడా చేతికి వచ్చినదాన్ని, గాలం తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తే, ఈ లోకంలో ఎవరికీ ఏ నష్టమూ జరగనట్టే.

నెల్లూరులో ఆయన పళ్ళ డాక్టరు. వెంకటాచలం దగ్గర వరి పొలాలున్న కుటుంబం. ఐదేళ్ళ కిందట మాంసమూ చేపలూ మానేశాడు. ఎవరి బోధా విని కాదు. ఒక మధ్యాహ్నం కంచంలోకి చూసి, ఇది నా కోసం చావవలసిన అవసరం ఏమిటని తనను తానే అడిగి, జవాబు దొరకక మానేశాడు. మరి రెండున్నరేళ్ళకు ఈ వేట పట్టుకున్నప్పుడు భార్య సుప్రియ నవ్వింది.

"తినవు, ఒకరికి పెట్టవు. దాన్ని పిలిచి ఏం చేస్తావు? నోరు తెరిపించి చూసి పంపిస్తావా?"

"అంతే."

"క్లినిక్‌లో పేషెంట్లు చాల్లేదా నీకు?"

ఆయన కూడా నవ్వాడు. కానీ లోపల ఆ ప్రశ్నకు ఆయన దగ్గర గట్టి జవాబే ఉంది. తనకంటే వేరైన ఒక ప్రాణం, కనపడని నీటి అడుగున, ఒక సన్ననిదారం కొసను పట్టుకొని తనతో మాట్లాడుతుంది. దాన్ని గాయపరచకుండా కలుసుకొని, గాయపరచకుండా వీడ్కోలు చెప్పవచ్చు. మనుషులతోనే ఇది సాధ్యం కాని రోజుల్లో, ఆదివారం పొద్దున ఆయనకు అది సాధ్యమయ్యేది.

ఆ ఆదివారం కూడా అలాగే మొదలైంది. ఇందుకూరుపేట మీదుగా వచ్చి, కారు కట్ట మీద ఆపి, చెంగయ్య పడవ ఎక్కాడు. చెంగయ్యకు అరవై దాటాయి. ఏటి అడుగున ఇసుక ఎక్కడ జరిగిందో పడవ తోసే గెడ తగిలించి చెప్పగలడు. డాక్టరు పడవ ముందు భాగాన నిలబడి, బెత్తంలాంటి కర్రను వెనక్కీ ముందుకూ ఊపి, దారాన్ని గాలిలో పెద్ద పెద్ద చుట్లుగా విసిరాడు. దాని కొసన ఎర ఏమీ లేదు, కోడి ఈకలను ఎర్రదారంతో గాలానికి చుట్టి ఆయనే చేసుకున్న చిన్న బొమ్మచేప తప్ప. గాలానికుండే ముల్లును కూడా పట్టకారుతో నొక్కి చదును చేసేవాడు, తీసేటప్పుడు నోరు చీరకూడదని.

"కోడీకను చూసి మోసపోయే చేపకు బుద్ధి లేదు సార్," అన్నాడు చెంగయ్య, ఎప్పుడూ అనేమాటే.

"మోసపోయినా పోయేదేమీ లేదు కదన్నా. ఇంటికి పంపిస్తున్నాం."

చెంగయ్య గెడ వైపు చూశాడు.

ఎనిమిదింటికి పండుగప్ప పట్టింది. పెద్దది. సన్నదారం కాబట్టి బలంగా లాగే వీలు లేదు. అది పరుగెత్తితే దారం వదలాలి, ఆగితే చుట్టుకోవాలి, మళ్ళీ పరుగెత్తితే మళ్ళీ వదలాలి. నలభై నిమిషాలు పట్టింది. చివరికి అది పడవ పక్కకు వచ్చి, వెండి పొట్ట పైకి తిప్పి, కదలకుండా నిలిచింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చొని గాలం తీశాడు. కింది దవడ ఎడమ మూల ఎప్పుడో మానిన పాత నొక్కు ఒకటి ఉంది. పళ్ళ డాక్టరు కళ్ళు కాబట్టి అది ఆయనకు ముందు కనబడింది. తోక దగ్గర పట్టుకొని, తల నీటి ఒరవడికి ఎదురుగా పెట్టి, అది నిదానంగా ఈదుకుంటూ లోతులోకి దిగేవరకూ ఉన్నాడు. తర్వాత చేతులు కడుక్కున్నాడు.

ఆ నలభై నిమిషాల్లో పోటు తగ్గి నీరు తీసేసింది. పడవ దక్షిణపు మలుపుకు ఇవతలే ఇసుక మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ దిగి గంటకు పైగా తోశారు. కదలలేదు.

"పోటు రావాల్సిందే సార్. రెండు గంటలు."

డాక్టరు సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఎండ మండుతోంది. ఒడ్డున సర్వితోపు, దాని కింద ఒక తాటాకుల ఇల్లు కనిపించాయి. "అక్కడికెళ్ళి కాసిని నీళ్ళు తాగి వస్తాను," అన్నాడు.

"ఆ పక్కేముంది సార్, ముళ్ళు తప్ప. ఇక్కడే కూచోండి, నేను తెస్తా."

"నువ్వు పడవ చూసుకో అన్నా."

డాక్టరు మోకాలిలోతు నీళ్ళు దాటి, తడి ఇసుక మీదుగా నడిచి, సర్విచెట్ల నీడలోకి వచ్చాడు.

ఇంటి ముందు ఒక ఆడమనిషి కత్తిపీట ముందు కూర్చొని ఉంది. అరవైకి దగ్గరగా ఉంటాయి. పక్కన బుట్టలో ఏట్లో ఏరిన గుల్లలు. ఆయన్ని చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"రండి సార్, రండి. ఇన్నాళ్ళకు దయ కలిగింది. చెంగయ్య బావ రానిచ్చినాడా మిమ్మల్ని?"

"నేను తెలుసా అమ్మా మీకు?"

"తెలవకుండా ఎట్టుంటుంది? మీ చేప తింటా మిమ్మల్ని తెలవదంటే గంగమ్మ ఊరుకుంటుందా? నన్ను మాలకొండమ్మ అంటారు సార్. బావకు తమ్ముడి వరస అయ్యే పెంచల్ పెళ్ళాన్ని. కూచోండి. నీళ్ళు తెస్తా."

ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన కూర్చోలేదు. కత్తిపీట పక్కన అరిటాకు మీద ఒక పండుగప్ప ఉంది. పొలుసు సగం గీకి ఉంది. తల ఆయన వైపు తిరిగి ఉంది. నోరు కొంచెం తెరుచుకొని ఉంది.

కింది దవడ ఎడమ మూల పాత నొక్కు. పై పెదవి అంచున సన్నటి కొత్త రంధ్రం.

మనుషుల ముఖాలు ఆయన మరిచిపోయేవాడు. నోళ్ళు మరిచిపోడు. పదేళ్ళ తర్వాత వచ్చిన పేషెంటును కూడా నోరు తెరవగానే గుర్తుపట్టేవాడు. అందుచేత ఈ నోటి విషయంలో ఆయనకు సందేహపడే అదృష్టం దక్కలేదు. గంటన్నర కిందట తన చేతిలోంచి ఈదుకుంటూ వెళ్ళిన చేప ఇది. ఇంటి ముందరి గుంజ పట్టుకున్నాడు.

పట్టుకున్న గుంజ పక్కనే, తడిక సందులో, మూడు ఈకల గాలాలు వరుసగా గుచ్చి ఉన్నాయి. ఎర్రదారం. తన ముడి.

మాలకొండమ్మ చెంబు తెచ్చి, ఆయన చూపు ఎక్కడుందో చూసింది.

"మీయే సార్. ఒక్కోసారి చేప నోట్లోనే ఉండిపోయి వచ్చేవి. అంత నేర్పుగా చుట్టినవి పారెయ్యబుద్ధి కాలేదు. మా కూతురు ఉష చెవులకు పెట్టుకుంటానని అడిగింది. గాలం అమ్మే అది, చెవి తెగుతుంది అని చెప్పినా."

ఆయన నీళ్ళు తాగాడు. నోట్లోనే ఉండిపోయినవంటే, దారం తెంచుకొని పోయినవి. ఏ చేపలు గెలిచాయని ఆయన ఆ రోజంతా సంతోషపడ్డాడో, అవి.

"ఎన్ని... ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

"రెండేళ్ళు దాటింది గదా సార్. ఆదివారం పొద్దున నీరు తీసేటప్పుడు మీ చేప ఈ మలుపు అవతలికి కొట్టుకొస్తుంది. నేను గుల్లలేరతా కాచుకోనుంటా. కొన్ని వారాలు రాదు. సార్‌కు ఈ వారం చేప పడలేదు పాపం అనుకుంటా."

పడని వారాలు చాలా తక్కువ. ఆమెకు చేప రాని వారాల్లో కూడా తనకు పడింది. అంటే ఆ కొన్ని బతికాయి. ఆయన మనసు మునిగేవాడు గడ్డిపరకను పట్టుకున్నట్టు ఆ కొన్నింటిని పట్టుకుంది. పట్టుకుంటున్నందుకు సిగ్గుపడింది.

"ఒక్కోసారి ఇంకా దాని మొప్పలు కొట్టుకుంటుంటాయి సార్. అప్పుడు తాజాగా ఉంటుంది." ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. "మా కాలంలో ఒడ్డు వంతు అనే ఆచారం ఉండేది. వేటకు పోయిన పడవ ఏదైనా సరే, ఒడ్డుకు రాగానే మగదిక్కు లేని ఇంటికి ఒక చేప ఇసక మీద వదిలిపెట్టి పోవాల. చేతికియ్యరు. చేతికిస్తే బిచ్చమవుతుంది. వదిలేసి పోతే ఆమె వచ్చి తీసుకుంటుంది. మా పెంచల్ ఎన్ని వదిలుంటాడో. ఇప్పుడు పడవ రాగానే ఐసు పెట్టెలోళ్ళు కాచుకోనుంటారు, ఎవురికి గుర్తుంటుంది? పెంచల్ పోయినాక ఒక్కరు కూడా వదల్లా. మీరు మా కులం కాదు, ఊరు కాదు. మీకు తెలిసింది. చేతికియ్యకుండా నీళ్ళతో పంపిస్తుండారు. అంత మర్యాద మావాళ్ళకే తెలవలా."

ఆమె గొంతులో పొగడ్త లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతోంది. ఆయనకు కాదనాలనిపించింది. నేను పంపలేదు అంటే, మరి ఇదెలా వచ్చింది అని అడుగుతుంది. బతికించి పంపాను అంటే, ఆ చచ్చిన చేప ఇద్దరి మధ్యా పడుకొని ఉంది.

"వచ్చే ఆదివారం ఉష కావలి నుంచి వస్తుంది సార్. చంటిబిడ్డతో, అత్తతో. కాస్త పెద్దది పడితే బాగుండు. అడగకూడదు. వంతును అడగరు. ఆశ కొద్దీ అంటుండా."

ఆయన తల ఊపాడు. ఎందుకు ఊపాడో తర్వాత కూడా ఆయనకు తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి చెంగయ్య పడవ అంచు మీద కూర్చొని గెడకు అంటిన బురద గోటితో గీకుతున్నాడు. తల ఎత్తలేదు.

"చూసినారా?"

"ఎప్పటి నుంచి తెలుసు అన్నా నీకు?"

"మొదటి నెలలోనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రావడం మానేస్తారు."

"నీ పని పోతుందనా?"

"అదీ ఉండాది. కాదని ఎందుకు చెప్పాల?" చెంగయ్య గెడను పక్కన పెట్టాడు. "చేపను వదిలినాక మీ మొహం చూసేవాణ్ణి సార్. గుళ్ళో నుంచి బయటికొస్తున్న మనిషి మొహం. ఆ మొహం మీద ఎట్ట చెప్పేది, మీ దేవుడు మలుపు తిరిగి చచ్చిపోతుండాడు అని?"

డాక్టరు ఇసుకలోనే కూర్చున్నాడు.

"అన్నీ చచ్చిపోయేవా?"

"అన్నీ కాదు. చలికాలంలో, తొందరగా చేతికొచ్చినవి, బతికిపోయేవి. ఈ ఎండలో ముప్పావుగంట లాగితే దానికీ గుండె ఉంటుంది గదా సార్. మిమ్మల్ని ఎవురన్నా ముప్పావుగంట పరిగెత్తించి, తల నిమిరి ఇంటికి పొమ్మంటే, ఎంతదూరం పోతారు?"

"లావుదారం అయితే?"

"అయిదు నిమిషాలు. బలంగా ఉండంగానే వదిలితే బతుకుతుంది. లేదంటే తినడానికి చంపతాం. రెండూ పద్ధతే. మీది రెండిట్లో ఏదీ కాదు."

ఆయన న్యాయమని పేరు పెట్టుకున్నది అదే సన్నదారం. చేపకు ఇచ్చానని అనుకున్న అవకాశమే దాన్ని చంపిన ఆయుధం. దారం ఎంత సన్నమైతే చావు అంత పొడుగు. ఇది తెలుసుకోవడానికి గొప్ప శాస్త్రం అక్కర్లేదు. వదిలిన చేప వెంట మరో వంద గజాలు చూపు పోతే చాలు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన చూపు అంతదూరం పోలేదు. ఎక్కడ చేప అందంగా కనబడకుండా పోయేదో, సరిగ్గా అక్కడే ఆయన ధర్మం ఆగిపోయేది.

"మరి ఆమెతో వంతు అని చెప్పింది నువ్వేనా? ఎందుకు?"

"కొట్టుకొచ్చిన చేపను మావాళ్ళు ముట్టరు సార్. రొయ్యల గుంటల్లో మందు కొట్టిన నీళ్ళు ఏట్లోకి వదులుతారు. దాంతో చచ్చిందేమో అని భయం. మొదటిసారి దొరికినప్పుడు మాలకొండమ్మ దాన్ని ఇసకలో పూడ్చబోయింది. మంచి చేప, నా కళ్ళ ముందు మీరు లాగిన చేప. ఇంట్లో ఆ పూట ఏమీ లేదని నాకు తెలుసు. అందుకని నేనే చెప్పినా, డాక్టరు నీకు వంతు పంపినాడు అని." చెంగయ్య మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాడు. "మీరు బతికింది అంటిరి. నేను వంతు అంటిని. రెండూ అబద్ధాలే. నాది ఒక ఇంట్లో కూరైంది."

ఆ మాటలో కోపం లేదు. అందువల్లనే అది ఎముక దాకా దిగింది.

ఆ వారమంతా విజయభాస్కర్ చేతులు పేషెంట్ల నోళ్ళలో ఉన్నాయి కానీ ఆయన లేడు. మూడు దారులు కనిపించాయి. వెళ్ళడం మానేయవచ్చు, ఆదివారం ఆమె కూతురితో, వియ్యపురాలితో ఇసుక మీద నిలబడి నీళ్ళ వైపు చూస్తుంది. మార్కెట్‌లో చేప కొని పంపవచ్చు. అప్పుడు ఎవరో చంపుతారు, తన చేతులు శుభ్రంగా ఉంటాయి. వెళ్ళి నిజం చెప్పేయవచ్చు. తన గుండె తేలికవుతుంది, ఆమెకు మాత్రం తాను రెండేళ్ళుగా తిన్నది మర్యాద కాదనీ ఏట్లో కొట్టుకొచ్చిన కళేబరమనీ తెలుస్తుంది. ప్రతి దారి చివరా ఆయన నిర్దోషిగా బయటపడుతున్నాడు. ఎవరో ఒకరు ఆ నిర్దోషిత్వాన్ని మోస్తున్నారు. ఇంతకు ముందు చేపలు మోశాయి.

శనివారం సాయంత్రం రీలులోంచి సన్నదారం విప్పి, లావుది చుట్టాడు. సుప్రియ చూసింది.

"పెద్ద చేపకా?"

"తినడానికి."

ఆమె ఆయన ముఖం చూసి, విప్పిన సన్నదారాన్ని ఉండ చుట్టింది.

ఆదివారం నీరు తీసేముందే పండుగప్ప పట్టింది. కర్ర విల్లులా వంగింది, చేతులు నొప్పి పుట్టాయి, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. దాన్ని పడవలోకి లాగినప్పుడు ఆయన అదిరిపడ్డాడు. అది చేతుల్లో నిలవలేదు. పలకలను బాదింది. మొప్పల అంచు తగిలి ఆయన బొటనవేలు తెగింది. ఒళ్ళంతా ఒకటే కండరంలా విదిలించుకుంది. బతికున్న చేప ఇలా ఉంటుందని ఆయనకు తెలియదు. ఇన్నాళ్ళూ తన చేతుల్లోకి వచ్చినవి నెమ్మదిగా, మెత్తగా ఉండేవి. అది నమ్మకం అనుకున్నాడు. కొన్నిసార్లు ప్రేమ అని కూడా అనుకున్నాడు.

"నేను కొడతా సార్, ఇటియ్యండి," అన్నాడు చెంగయ్య, కొయ్య దుడ్డు తీస్తూ.

"వద్దు. ఎక్కడ కొట్టాలో చెప్పు."

"కళ్ళ వెనకాల. ఒక్కటే గట్టిగా. జాలిపడి మెల్లిగా కొట్టబాకండి, అదే పాపం."

ఆయన మెల్లిగానే కొట్టాడు. చేప ఇంకా ఎక్కువ కొట్టుకుంది. రెండోసారి కొట్టాడు. అప్పుడు దాని ఒంట్లో ఒక వణుకు తలనుంచి తోకదాకా పాకి ఆగిపోయింది. ఆయన చేయి కూడా దాంతోపాటు ఆగిపోయింది. కన్నీళ్ళు వస్తాయేమో అనుకున్నాడు. రాలేదు. వచ్చింది భయం. ఇంత చిన్న పనిని రెండేళ్ళపాటు అంత పొడుగ్గా, అంత సౌమ్యంగా, ఒక్క క్షణం కూడా చూడకుండా చేయగలిగిన మనిషి ఒకడు తన లోపల ఉన్నాడన్న భయం.

మలుపు దగ్గర దిగి, చేపను ఇసుక మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. చేతికి ఇస్తే బిచ్చమవుతుంది. మాలకొండమ్మ వచ్చి, రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, మొహం విప్పార్చింది. వెనక ఉష, చంకలో చంటిబిడ్డ. తోపు నీడలో నిలబడి చూస్తున్నది అత్తగారు.

"మొదటిసారి మీరే వచ్చి వదిలినారు," అంది మాలకొండమ్మ.

"ఇకనుంచి ఇలాగే అమ్మా. నీళ్ళతో రాదు. నీళ్ళతో వస్తే అది నాది కాదు, తినొద్దు."

"అట్టే సార్." ఆమె చేపను అటూ ఇటూ తిప్పి, తల మీద నలిగిన చోట వేలితో తడిమింది. "రెండు దెబ్బలు. కొత్త చెయ్యి గదా. అవును సార్, ఇంతకుముందువాటి మీద దెబ్బే ఉండేది కాదు. ఒంటి మీద గీత కూడా ఉండేది కాదు. బావనడిగితే డాక్టర్ల దగ్గర సూదులుంటాయిలే అన్నాడు. నిజంగా ఎట్ట చంపేవాళ్ళు సార్?"

చెంగయ్య పడవలోంచి గబుక్కున తల ఎత్తాడు. అక్కర్లేదన్నట్టు చిన్నగా చెయ్యి ఊపాడు.

విజయభాస్కర్‌కు ఆమె కళ్ళు కనబడుతున్నాయి. అడిగిన మనిషికి జవాబు ఇవ్వాలి. అబద్ధం ఆడలేడు. ఆమె రెండేళ్ళ అన్నాన్ని ఆమె నోట్లోంచి లాగనూలేడు.

"ఆడించి ఆడించి చంపేవాణ్ణి అమ్మా," అన్నాడు.

మాలకొండమ్మ ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వింది. "సార్‌కు ఎగతాళి కూడా వచ్చు," అంది కూతురితో. ఉష నవ్వింది. నీడలో ఉన్న అత్తగారు, మాట వినబడకపోయినా, వాళ్ళు నవ్వుతున్నారు కదా అని నవ్వింది. నవ్వుకుంటూనే ముగ్గురూ చేపను పట్టుకొని ఇంటి వైపు నడిచారు.

చెంగయ్య నవ్వలేదు. గెడ ఇసుకలో గుచ్చి, డాక్టరు ఎక్కేదాకా పడవను కదలకుండా పట్టుకున్నాడు.